అరవై దాటిన మనసుకు పని

ఉద్యోగ విరమణ సభలో దండ వేసి, శాలువా కప్పి, చివరికి అందరూ చెప్పే మాట ఒకటే: ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి. ఇంట్లో పిల్లలూ ప్రేమతో అదే అంటారు. “నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాం కదా.” “ఈ వయసులో నీకెందుకు నాన్నా ఇవన్నీ, కృష్ణా రామా అనుకుంటూ ఉండు.” పెద్దవాళ్ళ చేతిలోంచి పని తీసేయడమే వాళ్ళకు మనం చేయగల గొప్ప మర్యాద అని చాలామంది నమ్మకం. ఈ అధ్యాయం ఆ నమ్మకంతోనే పేచీ పెట్టుకుంటుంది. ఒంటికి విశ్రాంతి కావాలి, నిజమే. మనసు సంగతి వేరు. అరవై దాటినా, ఎనభై దాటినా దానికి ఏదో ఒక పని ఉండాలి. ఆ పని తాను ఎంచుకున్నదై ఉండాలి. నలుగురితో కలిసి చేసేదైతే ఇంకా మంచిది. వృద్ధుల కోసం రూపొందిన మానసిక చికిత్సలూ, పాట, ఆట, కథ, బొమ్మల వంటి వాటితో చేసే చికిత్సలూ ఈ అరవై ఏళ్ళలో కూడబెట్టిన రుజువులను వడగడితే మిగిలే సారం ఇదే. ఆ రుజువులు ఎంతవరకు గట్టివో, ఎక్కడ పలచనో చూసుకుంటూ వెళ్దాం.

వయసు మీదికి నెట్టేసే జబ్బు

ముందు సమస్య ఎంత పెద్దదో తెలియాలి. కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున 2017–18లో జరిగిన లాసీ అనే దేశవ్యాప్త సర్వేలో 45 ఏళ్ళు దాటినవారు, వాళ్ళ జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా పాల్గొన్నారు. అందులో 60 దాటిన వారిని లక్షణాల ఆధారంగా పరీక్షిస్తే 8.3 శాతం మందిలో డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. తమకు డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పారన్నవారు మాత్రం 0.8 శాతమే. అంటే జబ్బున్న పదిమందిలో సుమారు ఒక్కరికే దాని పేరు తెలుసు. మిగతా వాళ్ళ బాధంతా వయసు ఖాతాలో పడిపోతోంది. “పెద్దతనం కదా, అలాగే ఉంటుంది” అనే ఒక్క మాటతో ఇంటివాళ్ళూ, ఒక్కోసారి వైద్యులూ కూడా సరిపెట్టుకుంటారు. పైగా మన పెద్దవాళ్ళు దిగులుగా ఉందని నోరు తెరిచి చెప్పరు. ఒళ్ళంతా మంటలంటారు, అన్నం సయించడం లేదంటారు, రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోందంటారు, గుండెల్లో దడగా ఉందంటారు. పరీక్షలన్నీ చేయిస్తే రిపోర్టులు బాగానే వస్తాయి, ఆ బాధ మాత్రం పోదు. గుర్తుపట్టడానికి ఒక మంచి ఆనవాలు ఉంది: ఇష్టం చచ్చిపోవడం. రోజూ ముగ్గు పెట్టే చెయ్యి ముగ్గు మానేస్తుంది. పేపరు అక్షరం వదలకుండా చదివే మనిషి దాన్ని మడత కూడా విప్పడు. మనవడు ఫోన్ చేస్తే “బాగానే ఉన్నా” అని ఫోను పక్కవాళ్ళకు ఇచ్చేస్తారు. ఇలాంటి తీరు రెండు వారాలకు మించి సాగితే అది వయసు లక్షణం అనుకోకూడదు.

మనసు అలా ముడుచుకుపోవడానికి ఒక క్రమం ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త పీటర్ లెవిన్‌సన్ 1970లలో దాన్ని తేటగా వివరించాడు. మనిషికి సంతోషం ఎక్కువగా తాను చేసే పనుల్లోంచి, వాటికి ఎదుటివాళ్ళ నుంచి వచ్చే స్పందనలోంచి పుడుతుంది. రిటైర్మెంటు, జీవిత భాగస్వామి మరణం, మోకాళ్ళ నొప్పులు, పిల్లలు దూరదేశం వెళ్ళడం వంటివాటిలో ఏదో ఒకటి ఆ పనులను తగ్గించేస్తుంది. పని తగ్గితే సంతోషం తగ్గుతుంది. సంతోషం తగ్గితే ఉన్న పని మీద కూడా మనసు పోదు. ఇలా దిగుతూ పోతే చివరికి మంచం, గోడ, టీవీ మిగులుతాయి. అందుకే ఈ ఆలోచన మీద నిలిచిన చికిత్స తలకిందులుగా మొదలవుతుంది. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, మనసు లేకపోయినా చిన్న పని ఒకటి మొదలుపెట్టిస్తుంది. ఉత్సాహం తర్వాత వస్తుంది. “నువ్వు కూర్చో అమ్మా” అనే ప్రేమ ఎక్కడ దెబ్బతీస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. జబ్బు ఎటు లాగుతోందో ప్రేమ కూడా అటే నెడుతోంది.

గోవాలో ఏం చేశారు?

మన దేశంలో ఇది చెల్లుతుందా అన్న అనుమానానికి గోవా నుంచి ఒక జవాబు ఉంది. డాక్టర్ అమిత్ డయాస్ బృందం అక్కడి ప్రాథమిక వైద్య కేంద్రాలకు వచ్చే 60 దాటిన 181 మందితో ఒక ప్రయోగం చేసి, ఫలితాలను 2019లో ప్రచురించింది. వీళ్ళకు అప్పటికి పూర్తి స్థాయి డిప్రెషన్ లేదు, అటు జారే సూచనలు మాత్రం ఉన్నాయి. లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలుగా అందే వైద్యం. రెండో జట్టుకు దాంతోపాటు కౌన్సెలర్ల సాయం. ఆ కౌన్సెలర్లు సైకియాట్రిస్టులూ కారు, సైకాలజిస్టులూ కారు. శిక్షణ ఇచ్చి తయారుచేసిన మామూలు మనుషులు. వాళ్ళు చేసినవి నాలుగు పనులు: సమస్యను విడగొట్టి పరిష్కరించుకోవడం నేర్పారు, నిద్ర అలవాట్లు సరిదిద్దారు, ఒంటి జబ్బుల విషయంలో జాగ్రత్తలు చెప్పారు, ప్రభుత్వ పథకాలు అందేలా సాయపడ్డారు. ఏడాది తిరిగేసరికి మామూలు జట్టులో 14.4 శాతం మంది డిప్రెషన్‌లో పడితే, కౌన్సెలింగ్ జట్టులో పడ్డవారు 4.4 శాతం. 181 మంది చిన్న సంఖ్యే, ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు. అయినా రెండు సంగతులు గమనించాలి. రాకముందే ఆపడం సాధ్యమే. ఆపడానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. 2022లో మన దేశంలో 60 దాటినవారు 14.9 కోట్లని, 2050కి 34.7 కోట్లు అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. అంతమందికి సరిపడా మానసిక వైద్యులు ఎన్నటికీ దొరకరు కాబట్టి ఈ రెండో సంగతి మరీ ముఖ్యం.

సమస్యను విడగొట్టడం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూడండి. “నన్నెవరూ పట్టించుకోవడం లేదు” అన్నది సమస్య కాదు, బాధ. బాధకు పరిష్కారం వెతకలేం. దాన్ని సమస్యగా మార్చాలంటే ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అని అడగాలి. అప్పుడు అది ఇలా బయటపడవచ్చు: “కొడుకూ కోడలూ ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. నాకు షుగరు, ఏడున్నరకే తినేయాలి. ఒక్కదాన్నే తిని, వాళ్ళు వచ్చేలోపు పడుకుంటున్నా. రోజంతా మాట్లాడే మనిషి లేదు.” ఇప్పుడు చేతికి అందేది ఏదో దొరికింది. తోచిన దారులన్నీ మంచిచెడ్డలు ఎంచకుండా రాసుకోవాలి: ఏడున్నరకు తిని, తొమ్మిదింటికి గ్లాసు మజ్జిగతో వాళ్ళ పక్కన కూర్చోవడం, సాయంత్రం ఐదింటికి పక్కింటావిడతో గుడి దాకా నడవడం, ఆదివారం మధ్యాహ్నం కూర తన చేతి మీద అని ఖాయం చేసుకోవడం. వాటిలో అన్నిటికన్నా తేలికైనది ఒకటి ఎంచుకుని వారం పాటు చేయాలి. వారం తర్వాత ఏమైందో చూసుకుని, పనికిరాకపోతే రెండోది పట్టుకోవాలి. ఇంతే చికిత్స. ఇందులో గొప్ప రహస్యం లేదు. కానీ దిగులులో ఉన్న మనసు ఈ నాలుగు మెట్లూ ఒంటరిగా ఎక్కలేదు. పక్కన కూర్చుని “సరే, తర్వాత?” అని అడిగే మనిషి కావాలి. కౌన్సెలర్ విలువ అక్కడే ఉంది.

గుర్తు చేసుకోవడానికీ ఒక పద్ధతి

పెద్దవాళ్ళు పాత సంగతులు చెప్పుకుంటూ పోవడాన్ని ఒకప్పుడు వైద్యులు కూడా చాదస్తంగానే చూసేవారు. ఆ చూపును మార్చినవాడు అమెరికన్ సైకియాట్రిస్టు రాబర్ట్ బట్లర్. మలివయసులో గతాన్ని తిరగేసుకోవడం మెదడు మొద్దుబారడం వల్ల వచ్చేది కాదనీ, బతికిన బతుకును ఒక లెక్కకు తెచ్చుకోవడానికి మనసు చేసే సహజమైన పని అనీ 1963లో ఆయన వాదించాడు. ఆ వాదనలోంచి జీవిత సమీక్ష అనే చికిత్స పుట్టింది. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ తరహా అధ్యయనాలు 20 తీసుకుని కలిపి చూస్తే, వృద్ధుల డిప్రెషన్ తగ్గడంలో దీని ఫలితం మందులకూ, ఇతర మానసిక చికిత్సలకూ దీటుగానే ఉందని తేలింది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. పాత గాయాలు కెలికితే బాధ పెరగదా? పెరిగే మాట నిజమే, కెలకడమే పనిగా పెట్టుకుంటే. “నాకే ఎందుకిలా జరిగింది?” అన్న ప్రశ్న చుట్టూ గిరగిరా తిరగడం చికిత్స కాదు, అది జబ్బులో భాగం. జీవిత సమీక్షకు మొదలు, నడక, ముగింపు ఉంటాయి. చిన్నతనం, చదువు, పెళ్ళి, పని, పిల్లలు, పోగొట్టుకున్నవి అని వరసగా వెళ్తుంది. ప్రతి చోటా మంచీ చెడూ రెండూ అడుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏం జరిగిందన్న దగ్గర ఆగకుండా అప్పుడు మీరేం చేశారు, ఎవరు అండగా నిలిచారు, ఇప్పుడు దాని గురించి ఏమనుకుంటున్నారు అని ముందుకు నడిపిస్తుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనను చూసిన పెద్దాయన ఆ రాత్రి గురించి పదేపదే చెబుతుంటే “ఇది చాలాసార్లు చెప్పావు తాతయ్యా” అని లేచిపోవచ్చు. లేదా “తెల్లారాక మొదట ఎటు వెళ్ళావు? నీతో ఎవరున్నారు? ఆ పూట ఎవరు వండి పెట్టారు?” అని అడగవచ్చు. ఆ ప్రశ్నలతో కథలో ఆయన నీళ్ళు చూసి నిశ్చేష్టుడైన కుర్రవాడుగా మిగిలిపోడు, బతికి బయటపడి పదిమందికి చెయ్యి అందించిన మనిషిగా తనకు తాను కనిపిస్తాడు. గుర్తు రాగానే వణుకు, పీడకలలు వచ్చేంత గాయమైతే మాత్రం ఇంట్లో తిరగేయవద్దు. శిక్షణ పొందినవారి దగ్గరే ఆ పని జరగాలి. మామూలుగా అయితే వారానికో సాయంత్రం, ఒక్కో దశకు ఒక్కో కూర్చోవడం, ఫోనులో రికార్డు పెట్టుకోవడం చాలు. రాయడం రానివారికీ ఈ దారి తెరిచే ఉంటుంది.

మతిమరుపు జబ్బు వచ్చినవారి విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. గతం గుర్తు చేయించే చికిత్సల వల్ల డిమెన్షియా ఉన్నవారికి కలిగే మేలు కొద్దిపాటిదనీ, అన్నిచోట్లా ఒకేలా లేదనీ 2018లో కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. “నేనెవరో చెప్పు చూద్దాం” అంటూ ఇంటికొచ్చిన ప్రతివారూ పెట్టే పరీక్ష అయితే చికిత్స కాదు సరికదా, అవమానం. అమెరికాలో యాన్ బాస్టింగ్ 1990ల చివర్లో వేరే దారి పట్టింది. డిమెన్షియా ఉన్నవారి ముందు ఒక తమాషా బొమ్మ పెట్టి “ఇక్కడేం జరుగుతోంది?” అని అడగడం, వాళ్ళు ఏమన్నా దాన్ని రాసుకుని అందరి మాటలూ కలిపి ఒక కథ చేయడం. దానికి తప్పు జవాబు ఉండదు. జ్ఞాపకం పోయినవారికీ ఊహ మిగిలే ఉంటుందన్నది ఆమె పట్టుకున్న కీలకం. దీనితోపాటు, గుంపుగా కూర్చోబెట్టి మాటలు, పాటలు, వస్తువులు, వార్తల మీద చర్చలతో 14 విడతలుగా నడిపే ఒక పద్ధతి ఇంగ్లండులో 2003లో 201 మందిపై జరిగిన పరీక్షలో నెగ్గింది. దాన్ని చెన్నైలో తమిళులకు తగ్గట్టు మలిచారు. ఇవేవీ జబ్బును నయం చేయవు. ఉన్న శక్తిని, ఉన్న రోజుల్ని మెరుగ్గా వాడుకోనిస్తాయి.

పాట నిజంగా పనిచేస్తుందా?

కళల విషయంలో ప్రచారం రుజువును మించిపోయింది కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడాలి. ఇంగ్లండులో 50 దాటిన 6,710 మందిని 14 ఏళ్ళ పాటు గమనించిన అధ్యయనం 2019లో వచ్చింది. కొన్ని నెలలకోసారైనా నాటకాలకు, కచేరీలకు, ప్రదర్శనశాలలకు వెళ్ళేవారిలో, అసలు వెళ్ళనివారితో పోలిస్తే, ఆ కాలంలో మరణించే అవకాశం 31 శాతం తక్కువని అందులో ఉంది. ఈ అంకె వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. కానీ తెలివైన పాఠకుడు వెంటనే అడుగుతాడు: కచేరీకి వెళ్ళగలిగేది డబ్బూ, చదువూ, నడిచే కాళ్ళూ ఉన్నవాళ్ళే కదా? పరిశోధకులు ఆ తేడాలను లెక్కలోంచి తీసేసే ప్రయత్నం చేశారు. అయినా పూర్తిగా తీసేయడం ఎవరి తరమూ కాదు. ఆరోగ్యం ఉండటం వల్ల కళ దగ్గరైందా, కళ వల్ల ఆరోగ్యం వచ్చిందా అన్నది ఇలాంటి అధ్యయనాలతో తేలదు. 2001లో జీన్ కోహెన్ మొదలుపెట్టిన వాషింగ్టన్ గాయక బృందం అధ్యయనానికీ ఇదే లోటు. పాడినవారు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గిందని, కింద పడటం తగ్గిందని అది చెప్పింది. కానీ ఎవరు ఏ జట్టులో ఉండాలన్నది అక్కడ లాటరీ తేల్చలేదు.

లాటరీ వేసి చేసిన ప్రయోగాలు రెండు గట్టివి ఉన్నాయి. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో 60 దాటిన 258 మందిలో కొందరిని 14 వారాల పాటు బృందగానానికి పంపారు, మిగతావారిని వాళ్ళ మామూలు జీవితానికి వదిలేశారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు పాడినవారిలో దిగులు, ఆందోళన తగ్గాయి. మానసికంగా బాగున్నామన్న భావన ఆరు నెలలకు కూడా నిలిచింది. రెండోది శాన్‌ఫ్రాన్సిస్కోది. 12 వృద్ధుల కేంద్రాల్లో 390 మంది, ఆరు నెలల పాట. అక్కడ ఒంటరితనం తగ్గింది, జీవితం మీద ఆసక్తి పెరిగింది. జ్ఞాపకశక్తిలో గాని, ఒంటి బలంలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా రాలేదన్న ఈ సంగతిని దాచకుండా చెప్పుకోవడమే మనకు మంచిది. పాట మతిమరుపుకు టీకా కాదు. ఒంటరితనానికి మాత్రం అది నిజమైన మందు. మనిషికి మళ్ళీ రేపటి మీద ఆసక్తి పుట్టించే మందును చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

మన భజన ఉండగా ఇదెందుకు?

ఇక మన ఊరి అభ్యంతరం. భజనలు, కోలాటం, బతుకమ్మ, హరికథ, రచ్చబండ ఉన్న జాతికి పాశ్చాత్యులు వచ్చి పాట పాడుకోమని చెప్పాలా? అక్కర్లేదు. కానీ ఉన్నదాన్ని మనం ఎంత వాడుకుంటున్నాం అన్నది ప్రశ్న. టీవీలో భక్తి చానల్ పెట్టుకుని వినడం భజన కాదు. కోలాటంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. చేతిలో రెండు కర్రలు, ఎదుట జత మనిషి. పాట దరువుకు అడుగు పడాలి, కర్ర సరిగ్గా అవతలి కర్రకే తగలాలి, మరుక్షణం జత మారుతుంది, కోపు మారితే నడక మారుతుంది. గుర్తు, లెక్క, ఊపిరి, తూకం, చూపు అన్నీ ఒకేసారి పనిచేయాలి. ఒకరు రాకపోతే జత తప్పుతుంది కాబట్టి “ఈరోజు ఎందుకు రాలేదు?” అని ఇంటికొచ్చి అడిగేవారు ఉంటారు. పైన చెప్పిన చికిత్సలన్నీ కష్టపడి కల్పించాలనుకున్నవి ఇవే: కొత్తది నేర్చుకోవడం, ఒక రోజూ వేళా ఉండటం, తోటి మనుషులు, రాకపోతే లోటు తెలియడం. ఈ మధ్య ఊళ్ళలో మాస్టారిని పెట్టుకుని కోలాటం నేర్చుకుంటున్న ఆడవాళ్ళ బృందాలకు ఎవరూ చెప్పకుండానే ఇది దొరికింది.

అయితే మన సంప్రదాయం అందరికీ సమానంగా తలుపు తీయలేదన్నదీ ఒప్పుకోవాలి. భర్త పోయిన ఆడమనిషిని పేరంటానికి పిలవం. పండగ పూట ఆమె పాట గదిలోనే ఆగిపోతుంది. కులం అడ్డం వచ్చే గుళ్ళు ఉన్నాయి. మెట్లు ఎక్కలేనివారు, వినబడనివారు, కొడుకు దగ్గర హైదరాబాద్ అపార్ట్‌మెంటులోనో, కూతురు దగ్గర డల్లాస్‌లోనో ఉంటూ పలకరించే గడప లేనివారు ఉన్నారు. చికిత్స అన్న మాటకు ఇక్కడ ఒక ప్రయోజనం ఉంది. సంప్రదాయం పిలిచినవారికే కలిసొస్తుంది. చికిత్స ఎవరికి అవసరమో వెతుక్కుంటూ వెళ్తుంది. అపార్ట్‌మెంటు సంఘమో, గ్రంథాలయమో, పింఛనుదారుల సంఘమో ఒక బృందం కడితే మొదట పిలవాల్సింది బాగా పాడేవారిని కాదు, రోజుల తరబడి గుమ్మం దాటని వారిని.

“నాకేం వచ్చని?” “నాకు తీరికేదీ?”

కళ అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. గొంతు పోయింది, చేతులు వణుకుతాయి, కొత్తగా నేర్చుకునే వయసా ఇది? జర్మన్ మనస్తత్వవేత్తలు పాల్ బాల్టెస్, మార్గ్రెట్ బాల్టెస్ 1990లో దీనికి ఒక సూత్రం ఇచ్చారు: ఎంచుకో, సాధన చేయి, లోటును వేరేలా పూడ్చుకో. వాళ్ళు చూపిన ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్. ఎనభై ఏళ్ళ వయసులో అంత బాగా ఎలా వాయిస్తున్నారని అడిగితే ఆయన మూడు సంగతులు చెప్పాడట. తక్కువ రచనలు ఎంచుకుంటాను, వాటినే ఎక్కువ సాధన చేస్తాను, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కాస్త నెమ్మదిస్తాను కాబట్టి తర్వాతిది వేగంగానే వినిపిస్తుంది. పియానో రానివారికీ ఈ లెక్క వర్తిస్తుంది. పది చుక్కల ముగ్గు నేల మీద వంగి పెట్టలేకపోతే, బల్ల మీద కాగితం పరిచి ఐదు చుక్కలది పెట్టవచ్చు. బొంత కుట్టే చూపు లేకపోతే రంగులు జోడించే పని తాను తీసుకుని కుట్టు మనవరాలికి ఇవ్వవచ్చు. పైన చెప్పిన ప్రయోగాల్లో మేలు పొందినవారు కళాకారులు కారు. ఫలితం గొంతు తీపి మీద ఆధారపడలేదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకోటి ఉంది. ఇదంతా పింఛను వచ్చేవారి మాట కాదా? డెబ్భై ఏళ్ళకు కూడా కూలికి వెళ్ళేవారికి, ఊళ్ళో మనవలను పెంచుతూ నడుము విరగ్గొట్టుకునే అమ్మమ్మలకు ఇంకా పని కావాలని చెప్పడం ఎగతాళి కాదా? వాళ్ళకు కావలసింది ముందు విశ్రాంతి, కూలి, పింఛను, వైద్యం. అందులో రెండో మాట లేదు. గోవా కౌన్సెలర్లు పథకాలు ఇప్పించడాన్ని చికిత్సలో భాగంగా పెట్టింది ఇందుకే. అయితే బరువుగా మోసే పని వేరు, తనదని చెప్పుకునే పని వేరు. వారానికి ఒక గంట తనది అనిపించే పని బీదవారికి అక్కర్లేదనుకోవడం కూడా ఒక రకం చిన్నచూపే. జింబాబ్వే రాజధాని హరారేలో సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండా 2006లో ఏం చేశాడో చూడండి. డబ్బు లేదు, గది లేదు, నర్సులకు తీరిక లేదు. అందుబాటులో ఉన్నవారు పద్నాలుగు మంది అవ్వలు. వాళ్ళకు సమస్య పరిష్కార చికిత్స నేర్పి, క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. బాధ ఉన్నవారు వచ్చి పక్కన కూర్చుని చెప్పుకుంటారు. ఆ స్నేహ బెంచీ మీద 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలలకు డిప్రెషన్ లక్షణాలు మామూలు వైద్యం పొందినవారిలో 49.9 శాతానికి ఉంటే, అవ్వలతో మాట్లాడినవారిలో 13.7 శాతానికే ఉన్నాయి. వృద్ధులను చికిత్స పుచ్చుకునేవారిగానే చూడటం మన అలవాటు. చికిత్స ఇచ్చే చేతులు కూడా వాళ్ళవి కావచ్చని బీద ఊరి అవ్వలు చేసి చూపించారు.

మందులు మానేసి మాత్రం వద్దు

పాట, మాట ఎంత మంచివైనా అన్నిటికీ అవే అనుకుంటే ప్రమాదం. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, కొన్ని మందులు పడకపోయినా మనిషి దిగులుగా, మందకొడిగా మారతాడు. అందుకని మొదటి అడుగు డాక్టరు దగ్గరికే. రెండో అడుగు చెవికి, కంటికి. డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని ఆపడమో, వాయిదా వేయడమో సాధ్యమని చెబుతూ లాన్సెట్ కమిషన్ 2024లో 14 కారణాలు ఇచ్చింది. వినికిడి లోపం, చూపు లోపం, డిప్రెషన్, నలుగురికీ దూరం కావడం ఆ జాబితాలో ఉన్నాయి. వినబడని మనిషి నవ్వాల్సిన చోట నవ్వలేక, మెల్లగా గుంపులోంచి తప్పుకుంటాడు. ఆయనకు కోలాటం కన్నా ముందు వినికిడి యంత్రం కావాలి. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే మందులు వాడాల్సిందే. ఈ చికిత్సలు మందులతో పాటు నడుస్తాయి. “నేనెందుకు బతకాలి”, “నేను పోతే మీకు సుఖం” అన్న మాటలు పెద్దవాళ్ళ నోట వింటే మామూలు నిష్ఠూరంగా తీసేయకండి. వెంటనే పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, వృద్ధుల సహాయానికి ఎల్డర్ లైన్ 14567. రెండిటికీ డబ్బు కట్టక్కర్లేదు.

మొదలుపెట్టే తీరు

ఇక చేతల మాట. మీకు మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. ముప్పై ఏళ్ళప్పుడు ఏది చేస్తూ ఉంటే పొద్దు తెలిసేది కాదు? ఇప్పటి ఒంటితో అందులో ఎంత చేయగలను? అది ఎవరితో కలిసి చేయగలను? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే పనిని మార్చండి, తోడును మాత్రం వదలకండి. పద్యాలంటే ఇష్టమైతే పక్కింటి పిల్లలకు వారానికో పద్యం నేర్పండి. చేతిపని ఇష్టమైతే నలుగురు కలిసి పాత చీరలతో ఒక బొంత మొదలుపెట్టండి. మాట ఇష్టమైతే జీవిత సమీక్షకు ఒక వినే మనిషిని చూసుకోండి. వారంలో రోజు, వేళ ఖాయం చేయండి. వీలున్నప్పుడు చూద్దామంటే అది ఎప్పటికీ రాదు. కనీసం మూడు నెలలు ఆగకుండా చేయండి, కెంట్ ప్రయోగం నడిచిందీ దాదాపు అంతే కాలం. ఒక పుస్తకంలో వారానికి మూడు వాక్యాలు రాసుకోండి: ఏం చేశాను, ఎవరితో, ఆ రాత్రి నిద్ర ఎలా పట్టింది. మొదటి మూడు వారాలు ఏమీ తేడా కనిపించకపోతే నిరాశ వద్దు. మూడు నెలలకూ కనిపించకపోతే పనిని మార్చండి, డాక్టరును మళ్ళీ కలవండి.

పిల్లలకు చెప్పాల్సింది ఇంతకన్నా చిన్నది. అమ్మకు కొత్త ఫోను కొనివ్వడం, నాన్న గదిలో ఏసీ పెట్టించడం మంచివే, అడ్డు చెప్పేవారు లేరు. కానీ వాళ్ళ వల్ల జరగాల్సిన పని ఇంట్లో ఒకటైనా మిగిల్చారా అని చూసుకోండి. ఈ ఆదివారం వాళ్ళ దగ్గర కూర్చుని ఒక పని అడిగి చేయించుకోండి, ఒక పాత సంగతి అడిగి చివరిదాకా వినండి. దానికి ఖర్చు లేదు, శిక్షణ అక్కర్లేదు, వాయిదా వేయడానికి వాళ్ళ దగ్గర ఎక్కువ ఆదివారాలూ లేవు.